టేక్ అనే మాటకు నలభై మూడు చీటీలు

దొరగారు మూడింటికి లేస్తారు. గోడగడియారం రెండు కొట్టి అయిదు నిమిషాలు కాలేదు, అంటే నాకు గంటకు కాస్త తక్కువ వ్యవధి ఉంది. బల్ల మీద నలభై మూడు చీటీల కట్ట ఉంది, అందులో ఇరవై ఏడో చీటీ మా చెల్లెలు రత్తమ్మ అన్న మాట, దాన్ని చింపెయ్యాలా ఉంచెయ్యాలా అన్నది ఈలోపల నేను తేల్చుకోవాలి. మూడు దాటితే కట్ట ఆయన చేతిలోకి పోతుంది, ఒక్కొక్క చీటీ పైకి చదువుతారు, నన్ను అడుగుతారు, దిద్దుతారు, సాయంత్రానికి మైనపుగుడ్డలో చుట్టి కుట్టించేస్తారు, రేపు తెల్లారి పడవలో కాకినాడకు, అక్కణ్ణుంచి ఓడలో చెన్నపట్నం అచ్చుకూటానికి. అచ్చులోకెక్కిన మాటను చింపడం నా తరం కాదు. లోపలి గదిలో పంకా కిర్రుమంటోంది, పంకా లాగే ముసలాయన తాడు కాలివేలికి చుట్టుకుని తనూ తూగుతున్నాడు, దొరగారు కునుకు తీస్తున్నారు. ఇంగ్లీషులో కూడా కునుకును టేక్ చెయ్యడమే, అది పదకొండో చీటీ, మొత్తం కట్టలో రెండు భాషలూ ఒకే దారిన నడిచిన కొద్ది చోట్లలో అదొకటి, అది దొరికిన రోజున నేనూ దొరగారూ ఈ వరండాలోనే పడి పడి నవ్వుకున్నాం. ఆ రోజుకు రత్తమ్మ బతికే ఉంది.

టేక్. ఇంగ్లీషువాళ్ళు ఈ ఒక్క మాటతో సంసారమంతా ఈదుకొస్తారు. మనం మందు వేసుకుంటాం, స్నానం చేస్తాం, పడవ ఎక్కుతాం, ప్రమాణం చేస్తాం, సెలవు పుచ్చుకుంటాం, ఒకరి మీద జాలి పడతాం. వాళ్ళకు మందూ టేకే, స్నానమూ టేకే, పడవా ప్రమాణమూ సెలవూ జాలీ అన్నీ టేకే. కొత్తగా ఓడ దిగే దొరలు ఇక్కడి జనంతో మాట్లాడాలంటే ఏ టేక్‌కు ఏ తెలుగో తెలియాలి గదా, అందుకని మా మిషను దొరగారు నిఘంటువు రాస్తున్నారు, నేను ఆయనకు చీటీలు రాస్తున్నాను, ఇద్దరం ఆరేళ్ళ కిందట ‘ఎ’ దగ్గర మొదలుపెట్టి ఇప్పటికి ‘టి’ దాకా వచ్చాం. ఈ పనికి మాతోబాటు భాస్కరం పంతులుగారూ ఉండేవారు, వరండా ఆ చివర తన చాప మీద కూర్చుని, నా నీడ పడనంత దూరంలో. టేక్ దగ్గరికి వచ్చేసరికి ఆయన ముక్కుపొడి పీల్చి, “గ్రహించుట, స్వీకరించుట. రాసి పారెయ్యవోయ్ అబ్రహామూ, దీనికింత గొడవేంటి?” అన్నారు. దొరగారు తలెత్తి, “పంతులుగారూ, మీ భార్యగారు జ్వరము వచ్చినప్పుడు మందును స్వీకరింతురా?” అని అడిగారు. పంతులుగారి మొహం కందగడ్డయింది. “మా ఇంట్లో ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో పుస్తకాలకెక్కించనండి, అది మాత్రం నావల్ల కాదు” అని చాప చుట్టుకుని వెళ్ళిపోయారు, రెండ్రోజులు రాలేదు. అప్పుడు నాకెంత నవ్వొచ్చిందో! ఇప్పుడు ఆలోచిస్తే ఆయన తన ఇంటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు, ఆ పాటి పని నేను చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదంటే గర్వం. మా పేటలో మాట్లాడే మాటకు విలువంటూ ఉందని అంతవరకూ ఎవరన్నారు? బళ్ళో కూడా మా మాట వినిపిస్తే బెత్తం లేచేది. దొరగారి నియమం వేరు. కల్పించి రాయకూడదు, చెవితో విన్నదే రాయాలి, పైన ఇంగ్లీషు, కింద తెలుగు, ఆ కింద ఎవరి నోటనో వచ్చిన వాక్యం ఒకటి, చీటీ మూల ఎవరు ఎవరితో అన్నారో. పల్లెవాడు కరణంతో. తల్లి బిడ్డతో. పెన్సిలుకు దారం కట్టి జేబుకు వేలాడదీసుకుని నేను రేవుల్లోనూ సంతల్లోనూ ఊరికే నిలబడేవాణ్ణి, చేపలమ్మే సంపూర్ణమ్మ, “మేస్టారండీ, కొనేదుందా, నా మాటలు ఏరుకు పోవడమేనా?” అని ఎగతాళి చేసేది, అదీ రాసుకున్నాను. ఏడుస్తున్నవాళ్ళ మాటలు కూడా రాసుకున్నాను. రేవులో ఒకావిడ మునిగిపోయిన కొడుకు గురించి “గోదారి తీసుకుపోయింది నాయనా” అని గుండెలు బాదుకుంటుంటే నా చెయ్యి జేబులోకి పోయింది, అది ఇరవై రెండో చీటీ, ఆ రోజు కూడా నాకు సిగ్గు కలగలేదు. చెవి ఒక్కటే పనిచేసేది నాకు, మనిషినంతా చెవి చేసుకుని తిరిగేవాణ్ణి.

నాలుగో చీటీ. టీకా వేసిన చోట పొక్కితే అది కూడా టేకే. మా పేటకు టీకాలాయన వచ్చిన రోజున జనమంతా అరటితోటల్లోకి పరుగు, రత్తమ్మకు ఆరేళ్ళు, నాకు పన్నెండు, తోటలో దూరి దాన్ని వెతికి పట్టి ఎత్తుకొచ్చాను, నా మణికట్టు కొరికేసింది, మూడో రోజున టీకా పొక్కితే మళ్ళీ అదే గడప గడపకూ తిరిగి చెయ్యి చూపించుకుంది, మా అన్నియ్య ఏయించాడు, మా అన్నియ్య ఏయించాడు అంటూ. తొమ్మిదో చీటీ, పిల్ల తల్లి పోలిక. అమ్మ పోయాక రత్తమ్మ నడక అమ్మ నడకయిపోయింది, వెనకనుంచి చూస్తే ఉలిక్కిపడేవాణ్ణి. పద్ధెనిమిదో చీటీ, కొత్త పేరు. నేను బాప్తిస్మం పుచ్చుకుని చిట్టియ్యనల్లా అబ్రహామునయ్యాను, ఊళ్ళోవాళ్ళు మెల్లిగా అలవాటు పడ్డారు, అది మాత్రం ఆ పేరు నాలిక మీదికి రానివ్వలేదు. పదిహేనో చీటీ, ఎంతసేపు పడుతుంది? రాజమండ్రిలో కోడి కూసినప్పుడు బయల్దేరి ధవళేశ్వరం దగ్గర నది దాటి, బొబ్బర్లంక లాకుల దగ్గర కాలవపడవెక్కితే ఆత్రేయపురం అవతల దాని అత్తారి పేటకు దీపాలు పెట్టేవేళకు చేరతాను. ఒక్క పగలు పడుతుంది. అది ఆ మాట అన్నాక నేను వెళ్ళకపోయిన రోజులు డెబ్భై మూడు, ఆ డెబ్భై మూడిట్లో ఒక్క పగలు.

గడియారం రెండున్నర కొట్టింది. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి, ఇక్కడికి హోరు వినపడుతోంది, ఈ హోరులో కూడా అదే వినపడుతుంది నాకు. రత్తమ్మ గొంతు. నాలుగు నెలలుగా ఎవరి వాక్యం రాయబోయినా దాని గొంతుతోనే పలుకుతుంది, మీసాలున్న పడవ సరంగు, “పడవ ఎక్కండెక్కండి” అన్న మాట కూడా కాగితం మీద పెట్టేసరికి రత్తమ్మ అన్నట్టే ఉంటుంది, కలం ఆపి వెనక్కి తిరిగి చూస్తాను, పంకా ముసలాయన, “ఏంటండీ?” అంటాడు, ఏం లేదంటాను. పోనీ దెయ్యమనుకుందామంటే దెయ్యాలు లేవని పేటపేటకూ చెప్పొచ్చినవాణ్ణి. లేవు. గొంతు మాత్రం ఉంది.

చింపేస్తే పోదా? చీటీ బయటికి తీశాను, చేతిలోనే ఉంది. నాలుగంగుళాల కాగితం. దాని ముఖం బొమ్మగా ఎక్కడా లేదు, దాని బట్టలు అత్తారివాళ్ళు దానితోనే పూడ్చేశారు, పుట్టని బిడ్డ కూడా దానితోనే పోయింది, లోకం మొత్తమ్మీద రత్తమ్మ మిగిలింది ఈ కాగితం మీదే. ఉంచేస్తే మాత్రం ఏమవుతుందో తెలుసు. గుంటూరులో, ఏలూరులో, బందరులో, రేపొచ్చే పడుచు దొరలంతా చెమటలు కక్కుతూ పుస్తకం ముందేసుకుని ‘నన్ను టీసుకుపో’ అని వల్లె వేస్తారు, పలకడం తప్పితే వాళ్ళకు తెలుగు చెప్పే మునిషీ దిద్దుతాడు, మళ్ళీ అనండి అంటాడు, మళ్ళీ అంటారు. నా చెల్లెలు పురిటికి ముందు భయపడి అన్న మాట వందమంది మగవాళ్ళకు పాఠమవుతుంది. నేను పోయాక కూడా అంటూనే ఉంటారు, తీసుకుపొమ్మని, తీసుకుపొమ్మని.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఇది ఎవరికి తెలియదు? ఏడో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి పట్టుకుని, చీర పట్టుకుని వచ్చి, మా పిల్లను పురిటికి పంపండి అని అత్తగారిని నోరు తెరిచి అడగాలి, వాళ్ళు కాసేపు బెట్టు చేసి పంపాలి. పుట్టిల్లంటే అమ్మా నాన్నా లేరు, నేనే. నేను వెళ్ళాను. ఏడో నెలలోనే వెళ్ళాను, కాని చలిమిడి పట్టుకెళ్ళలేదు, మిషనులో చేరినవాడికి ఈ తతంగమేంటి అనుకున్నాను, పైగా మిషను ఆవరణలో నాకున్నది ఒక్క గది, ‘టి’ సగంలో ఉంది, దొరగారు ఈస్టరులోపల పూర్తిచెయ్యాలన్నారు, ఇవన్నీ కారణాలే, అన్నీ నిజాలే, ఒక్కటి కూడా ఈ చీటీ ముందు నిలబడదు. రత్తమ్మ నా సంచి లాక్కుని, “ఏం తెచ్చావన్నియ్యా?” అని చెయ్యి పెట్టి వెతికింది. చేతికి పుస్తకం తగిలింది. “ఇది తినేదా?” అని నవ్వింది. వాళ్ళత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది, మర్యాదగా నీళ్ళిచ్చింది, నులకమంచం వాల్చింది, ఇంకా ఏదో వినడానికన్నట్టు అక్కడక్కడే మసిలింది, చివరికి లోపలికి వెళ్ళిపోయింది. నేను అడగడం కోసం ఆవిడ కాచుకుని ఉందని నాకు తట్టలేదు. కులం తప్పినవాడి ఇంటికి ఎలాగూ పంపరని నేను తీర్పు చెప్పేసుకున్నాను, నేను అడక్కముందే వాళ్ళు కాదన్నట్టు.

అప్పుడు రత్తమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది. పాదాలు నీరు పట్టి ఉన్నాయి, అది నేను చూశాను, చూసి మరిచిపోయాను. వాకిట్లో కోళ్ళు తిరుగుతున్నాయి. ఆ వారమంతా నేను ఒక వాక్యం కోసం వెతుకుతున్నాను, వస్తువును తీసుకుపోవడానికి ఉంది, బిడ్డను తీసుకుపోవడానికి ఉంది, మనిషి తనంతట తనే తనను తీసుకుపొమ్మని అడిగేది లేదు, సంతలో దొరకలేదు, రేవులో దొరకలేదు, కల్పించకూడదు గదా. రత్తమ్మ గొంతు తగ్గించి, “నన్ను తీసుకుపో అన్నియ్యా, ఇక్కడ నాకు భయమేస్తంది” అంది. నాకు సంతోషం వేసింది. అదీ జరిగింది. భయమేస్తోందన్న చెల్లెలి పక్కన కూర్చుని నాకు గుండె నిండా సంతోషం వేసింది. ఆ తర్వాత నేనన్న మాట దగ్గరికి వచ్చేసరికి నా మనసు ఎప్పుడూ పక్కకు తప్పుకుంటుంది, ఇప్పుడూ తప్పుకుంది, కోళ్ళు గుర్తొస్తున్నాయి, ఒక కోడికి మెడ దగ్గర ఈకల్లేవు.

ఈస్టరుకు ముందు వారం దాని పెనిమిటి బుల్లియ్య మిషను గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. “తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు బావా” అన్నాడు. అన్నాక కూడా కదల్లేదు, పైపంచె చెవుల మీదికి లాక్కుని అలాగే నిలబడ్డాడు. ఇద్దరం కలిసే వెళ్ళాం, ఒక్క పగలు పట్టింది. అత్తగారు నన్ను చూసి ఏడవలేదు, తిట్టలేదు. “మీరడగలేదు గదండీ బాబూ” అంది. “పుట్టింటోళ్ళు నోరు తెరిచి అడక్కుండా మా అంతట మేం ఎలా పంపుతామండి? మాట పడదా అండి? పొద్దస్తమానం కాలవగట్టు మీదికెళ్ళి చూసొచ్చేదండి. పడవ ఆగినప్పుడల్లా ఎళ్ళేదండి.” అడిగితే పంపేవాళ్ళే. ఒక్క మాట అడిగితే. నలభై మూడు రకాల మాటలు ఏరుకున్నవాణ్ణి, ఆ ఒక్కటీ నోటికి రాలేదు. తిరిగొచ్చాక దొరగారు నా భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు, మంచి మనిషి, దేవుడామెను తీసుకున్నాడు అన్నారు. నేను తీసుకురానిదాన్ని ఆయన తీసుకున్నాడన్న మాట. ఆ వాక్యం చీటీ రాయలేదు. నియమం ప్రకారం రాయాల్సిందే, విన్నాను గదా.

మూడుకు పది నిమిషాలు. పంకా ముసలాయన లేచి నీళ్ళు తాగి మళ్ళీ కూర్చున్నాడు. కాగితం మధ్యకు మడిచాను, మడతను గోటితో గీశాను, ఇక రెండువేళ్ళతో లాగితే చాలు. లాగలేకపోయాను. చింపేస్తే ఈ మాట నా ఒక్కడి దగ్గరే మిగులుతుంది, నా ఒక్కడికే వినపడి ఏమయిందో చూశాను. ఎవడో ఒక దొర, ఇంకా పుట్టనివాడు, ముక్కూ మొహం తెలియనివాడు, ఈ వాక్యం వల్లె వేసి వేసి విసిగిపోయినవాడు, ఏ పేటలోనో ఏ వాకిట్లోనో ఒక ఆడకూతురు ఈ మాట అన్నప్పుడు, ఇది నాకు తెలిసిన మాటే అని గుర్తుపట్టి లేచి నిలబడతాడేమో. పద తల్లీ అంటాడేమో. తెలుగు పుట్టుకతో వచ్చినవాడికి అర్థం కాని మాట నేర్చుకున్నవాడికైనా అర్థమవుతుందేమో. ఇది కూడా నాకు నేను చెప్పుకుంటున్న సాకేమో, తెలియదు. మడత విప్పి చీటీని సాపు చేశాను, ఇరవై ఆరుకూ ఇరవై ఎనిమిదికీ మధ్యన పెట్టాను. లోపల మంచం కిర్రుమంది, దొరగారి చెప్పుల చప్పుడు.

ఆయన మొహం కడుక్కుని వచ్చి కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని కట్ట విప్పారు. ఒకటో చీటీ, రెండో చీటీ. చదువుతున్నారు, నేను అవునండీ అంటున్నాను. కునుకు దగ్గర నవ్వారు, నేను కూడా నవ్వాలి గనక నవ్వాను. ఇరవై రెండు, గోదారి తీసుకుపోయింది, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఇరవై ఏడు. ఆయన ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు, నెమ్మదిగా. ఆయన నోట ‘అన్నియ్యా’ అన్న పిలుపు వింటే నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.

“అబ్రహామూ, ఇది కట్టలోకెల్ల మంచి వాక్యము” అన్నారు. “ఇందులో ప్రాణమున్నది. ఇది నీవు స్వయముగా విన్నావు గదా?”

“విన్నానండి.”

“అయితే నేర్చుకొనువానికి ఇది ఒక్కటే చాలదు. అడిగిన మాట తెలిసి, జవాబు తెలియకున్న ఎట్లు? ఆ అన్న ఏమని జవాబిచ్చెను? అది కూడ క్రింద వ్రాసికొందము.” కలం సిరాలో ముంచి, చీటీ మీద ఆన్చి, ఆయన నా వైపు చూశారు.

పదమ్మా అన్నాడండి. ఇదే చెప్పాలి. ఏ అన్నయినా అనే మాట ఇదే, ఎవరూ తప్పుపట్టరు, పుస్తకంలో ఎంత బాగుంటుంది, పైన చెల్లెలి మాట, కింద అన్న మాట, కనీసం అచ్చులోనైనా రత్తమ్మ నా వెంట పడవెక్కుతుంది, ఓడల్లో వచ్చినవాళ్ళంతా దాన్ని రోజుకొకసారి పుట్టింటికి చేరుస్తారు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన కలం కాచుకుని ఉంది. కల్పించకూడదు, చెవితో విన్నదే రాయాలి.

“‘ఏదీ, ఆ మాట మళ్ళీ అను, రాసుకుంటాను’ అన్నాడండి.”

దొరగారి కలం కదల్లేదు. ఆయన చీటీ వైపు చూశారు, చీటీ మీద నా చేతిరాత వైపు, మధ్యనున్న మడత వైపు, తర్వాత నా వైపు. “మరి ఆమె?” అన్నారు, ఎంత మెల్లిగా అంటే పంకా చప్పుడులో సగం కలిసిపోయింది.

“అందండి. మళ్ళీ అందండి.”

ఎలా అందో ఆయనకు చెప్పలేదు. మా పేటవాళ్ళకు అర్జీలు రాసేది నేనే, నేను కాగితం మీద పెట్టిన మాట ఎక్కడికో వెళ్ళి పని చేసుకొస్తుందని వాళ్ళందరి నమ్మకం, దానికి కూడా అదే నమ్మకం. నేను పుస్తకం తెరవగానే రత్తమ్మ మొహం విప్పారింది. పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది. నా పెన్సిలు వైపు చూస్తూ, నేను రాసిందాకా ఆగుతూ, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. అయ్యాక, అర్జీ కింద చెప్పాలి గదా అని, తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఏడో నెలని చెప్పింది. అవి చీటీకి అక్కర్లేదని నేను రాసుకోలేదు.